వేడి యాడికి పోతాది

గ్రీంస్‌పేటలో నా పార్లరు పదడుగుల గది.
పైన రేకులు, రేకుల మీద తడిపిన గోనెలు.
పదకొండు కొట్టేసరికే అవి అప్పడాలు.

లోపల స్టీమరు బుసలు,
డ్రయ్యరు రొద,
మైనం డబ్బా కుతకుత.
మొగం చల్లబడాలంటే ముందు గదిని ఉడకబెట్టాల.

మెడ నలుపు తీయమంటాది బస్సు కండక్టరు సుకన్య.
యాడో దేశాల్లో దుడ్డిచ్చి, దీపాల పెట్టెలో పడుకొని
నల్లబడతారంట. చెప్తే
పడీపడీ నవ్వి, ఆరిన పూత పగలగొట్టుకొనింది.

మొన్న చీటీ పాడి ఏసీ పెట్టిస్తి.
బిగించింది చెంగల్రాయుడు.
"చల్లదనం తయారుచేసే మిషను కాదక్కా ఇది,
ఈడి వేడి ఎత్తి ఆడ పారబోసేది, అంతే."
నేను వింటే గదా.
పద్దెనిమిదిలో పెట్టి, తలుపు సందులో పాత చీర దూర్చి
కండ్లు మూసుకుంటి.

ఆడంటే యాడో
సాయంత్రం తాళం వేస్తా చూస్తి.
గోడవతల, పెట్టె కింద, దేసమ్మ.
గంపలో కనకాంబరాలు
కాలిన వత్తుల మాదిరి ఉండాయి.
ఆయమ్మ నన్ను ఒక్క మాట అనలా.
గంపను ఇంకో మూరెడు జరుపుకొనింది,
కాలవ అంచు దాకా.

ఇప్పుడు ఫేషియల్ మంచం కింద
పూలగంప ఉంటాది.
కండ్ల మీద దోసకాయ ముక్కలతో పడుకున్నోళ్ళు
"ఏం క్రీమక్కా, ఇంత వాసన?" అంటారు.
మూర ఇరవై అని చెప్తా.

దేసమ్మ మాత్రం లోపలికి రాదు.
చలి పడదంట.
తడికొంగు నెత్తినేసుకొని ఆ పెట్టె కిందే.

పెట్టెను పక్క మిద్దె మీదికి ఎక్కించాలంటే
రాగి పైపు ఇంకో పన్నెండడుగులు కావాలంట.
చీటీ పాట ఆదివారం.