తాడు గుంజినంక

పదిన్నరకు ఆడ వరుసలు నోళ్లు తెరిచినయి.
కమలాపూర్ అవతల, కాకతీయ కాలువ కింది మడిల
ఆ ఒడ్డున కనకవ్వ, ఈ ఒడ్డున నేను,
నడుమ నైలాన్ తాడు.
గుంజినప్పుడల్లా మగ వరుస తల వంచి లేస్తది,
పసుప్పచ్చని పొగొకటి
ఎండల కొంచెంసేపు నిలవడి
గాలెటుంటే అటు వోతది.

ఐదు నిమిషాల ఆయుష్షు ఆ దుమ్ముది.

నాలుగోసారి గుంజి, కొంగుతో మెడ తుడుచుకుంట
కనకవ్వ అడిగింది:
"పిల్లా, హన్మకొండల పువ్వుల సదువు సదివినవు గదా.
పైన నాలికె మీద వడ్డ దుమ్ముకు
కింద కడుపెక్కడున్నదో ఎవలు జెప్తరు?"

ఒడ్డు మీది తడి మట్టిల పుల్లతోటి గీసిన.

ముందుగాల నాలికె మీదనే సోదా.
దుమ్ము ఒంటికున్న ప్రోటీన్లను తడిమి
ఎవూరోనివి, ఎవల బిడ్డవని అడిగినట్టు.
అయినోడైతేనే నీళ్లిస్తది.
నీళ్లు తాగినోనికి ఒక గొట్టం మొలుస్తది,
ఎంటికె కన్నా సన్నం,
కండ్లు లేవు, చెవులు లేవు, తొవ్వంత చీకటి.
కింద అండం పక్కన రెండు కణాలు కూసోని
బుడ్డ బుడ్డ ప్రోటీన్లు ఒలకవోస్తుంటయి.
గొట్టం కొస వాటిని గుర్తువడతది.
ఎక్కువున్న దిక్కు తిరుగుతది,
సర్వపిండి కాలే వాసన వట్టుకొని
నాలుగిండ్లు దాటొచ్చిన పిల్లగాని లెక్క.

వేరే దేశంల, ఏదో పువ్వుల దొరికినప్పుడు
దానికి 'ఎర' అని పేరు వెట్టిండ్రట.
మన వరిల దాని పేరేందో నాకు తెల్వదు,
నేను సదువు ఇడిచినంక దొరికిందో ఏమో.

"ఎర ఏంది," కనకవ్వ నవ్వింది,
"ఎర వేసేది తినేతందుకు. ఇది పిలుపు."

గొట్టం వచ్చి తాకంగనే
గడపకాడి ప్రోటీనొకటి ఆగు అంటది.
ఆగినంక పగులు అంటది.
పగులుతది.
లోపటికెల్లి ఇద్దరు.
ఒకడు అండంల కలిసి మొలకైతడు.
రెండోడు పక్కనున్న పెద్ద కణంల కలుస్తడు,
గింజ పాలు వోసుకునేది వానితోనే.
మనం తినే బువ్వంత ఆ రెండోని బిడ్డనే, కనకవ్వా.
మొదటోని బిడ్డ మిల్లుకాడ తవుడుల వోతది.

"మరి పిలిచినామె?"

పుల్ల ఆగింది.
గొట్టం పగిలింది ఆమె ఒళ్లెనే,
అప్పుడే సచ్చిపోతది.
జోడుది ఇంకొకలు రావద్దని పిలుపు బందు వెట్టి
ఆ పెద్ద కణంలనే కరిగిపోతది.

కనకవ్వ ఏమనలే.
ముప్పై ఏండ్లు మంత్రసానితనం చేసిన చేతులు అవి,
నూటెనిమిది బండి ఊర్లకొచ్చినంక తాడు మీదికొచ్చినయి.
అరచేతుల ఒరుపులను ఒకసారి చూసుకున్నది.
"ఒక్క పోరికన్న నా పేరు వెట్టలే," అన్నది,
రేటు చెప్పినట్టు, కోపం లేకుంట.

కంపెనీ జీపు గట్టు మీద హారన్ కొట్టింది.
సంచులకు కట్టే చీటీలు తెచ్చిండ్రు,
చీటీ నిండ నంబర్లు.

సద్ది విప్పేసరికి పన్నెండు దాటింది.
పువ్వులు నోళ్లు మూసుకున్నయి,
లోపల జరిగేదంత అప్పటికే అయిపోయింది,
బయట ఒక్క ఆకు కూడ కదలలే.

కనకవ్వ ఒక మెతుకు ఏలు మీద వెట్టుకొని
ఎండకు తిప్పి చూసింది.
"గీడేనా రెండోడు?"
నోట్లేసుకొని, పచ్చిమిరపకాయకు చెయ్యి సాపింది.
"రేపు పదింటికే రా," అన్నది,
"ఎండ ముదిరితే తాలు వోతది."