తలకి నాలుగొందలు

పలాస కాంప్లెక్సులో మందస బస్సెక్కేలోపే
మా నీలమణి మూడుసార్లు అడిగింది
"నాన్నా, కోతులు మన సేతిలోంచి తీసుకుంటాయా?"
"తీసుకుంటాయే" అన్నాను.
వాటి సంగతి నాకంటే ఎరిగినవాడెవడు?

గౌను జేబులో జీడిపలుకులు.
వాళ్ళమ్మ ఫ్యాక్టరీలో ఒలిచి, ఏరి,
కొంగు చివర ముడేసుకొచ్చిన తునకలు.
ఆమె వేళ్ళ నలుపు ఏ సబ్బుకీ వదలదు,
పప్పు మాత్రం తెల్లగా ఉంటుంది.

గేటు దగ్గర పెద్దోళ్ళకి ఇరవై, పిల్లలకి పది.
కోతులకు తిండి పెట్టరాదు అని బోర్డు.
ఆ బోర్డు నీడలోనే కూచుని
బఠాణీ పొట్లాలమ్ముతోంది ఒకామె.
వాచ్‌మన్ కూర్మారావు నన్ను చూసి నవ్వాడు
"ఏటి బావూ, ఈపాలి బోను నేకుండా వొచ్చినావు?"
పిల్ల వినలేదు. చెప్పులో రాయి తీసుకుంటోంది.

లోపల ఎటు చూసినా అవే.
సిమెంటు జింక వీపు మీద ఒకటి.
ఎవరిదో క్యారేజీ మూత ఎత్తుకుపోయి
అందులో మొహం చూసుకుంటూ ఒకటి.
కొత్తగా గుండు చేయించుకున్న పెద్దాయన నెత్తినెక్కి
పేల కోసం వెతికి వెతికి
విసుగేసి దిగిపోయింది ఇంకొకటి.
అందరూ నవ్వారు, మేమూ నవ్వాం.

మా చుట్టూ మాత్రం ఖాళీ.
ఇరవై అడుగుల ఖాళీ.
మేం నడిస్తే అదీ నడిచింది,
ఆగితే ఆగింది.
నీలమణి చెయ్యి చాపి చాపి, చెయ్యి మార్చి చాపి
"నాన్నా, మనకాడికి రావేటి?"
"కడుపు నిండిపోయుంటాది."
"ఆళ్ళకాడికి ఎల్తన్నాయి గదా."

కవిటి వైపు, తుఫాను మిగిల్చిన కొబ్బరితోటల్లో
పిందె పిందే కొరికి పారేస్తున్నాయని
పంచాయితీ తీర్మానం రాసి నన్ను పిలిచింది.
తలకి నాలుగొందలు.
బోనులో పనసతొన, తలుపుకి తాడు,
తాడు చివర తుప్పలో నేను.
పదకొండు రోజులు. అరవై మూడు తలలు.
వ్యానుకెత్తి తెచ్చి ఈ కొండ కిందే ఒగ్గేశాం.

ఒకనాడు పిల్ల ముందు దూరింది. తలుపు పడింది.
తల్లి రాత్రంతా బోను చుట్టూ తిరిగింది.
తెల్లారి తలుపెత్తితే
పనసతొన వైపు చూడనైనా చూడకుండా
తనే నడిచి లోపలికొచ్చి
పిల్లని పొట్టకి కరుచుకుని
నాకేసి తిరిగి కూచుంది.
లెక్కకొచ్చిన సెక్రటరీ అన్నాడు
"పొట్టకంటుకున్నది వేరే తల కాదోయ్."
"సగమైనా ఇప్పించండి బాబూ"
అన్నది నేనే.

ఈ గౌను ఆ డబ్బుదే.

కూర్మారావుని పిల్ల దగ్గర ఉండమని
"నీళ్ళసీసా కొనుక్కొస్తాను మణీ" అని
గేటు బయటికొచ్చి నిలబడ్డాను.
కంచె సందులోంచి చూస్తే
రాయి తీసేసిన చోట నీళ్ళు మూసుకున్నట్టు
ఆ ఖాళీ మూసుకుపోయింది.
చెవి చిరిగినది ఒకటి ముందుకొచ్చింది.
ఎగబడలేదు, లాక్కోలేదు.
ఒక్కొక్క పలుకే, రెండు వేళ్ళతో.
ఆ వేళ్ళు నల్లగా, మా ఆడదాని వేళ్ళలాగ.
నమిలి నమిలి ఒకసారి గేటు కేసి చూసింది.
నేను బఠాణీలామె గంప వెనక్కి
ఏదో పడిపోయినట్టు వంగాను.
"ఏటి పోయింది?" అందామె.
"చిల్లర" అన్నాను.

తిరుగు బస్సులో సీట్లు లేవు.
ఎవరో జరిగితే అంచున కూచున్నాను.
నీలమణి నా చొక్కా రెండు గుప్పిళ్ళా పట్టుకుని
పొట్ట మీద పడి నిద్రపోయింది.
చేతులకి కోతి వాసన.
కండక్టరు వచ్చి చూసి
"ఒళ్ళో పిల్లకి అక్కర్లేదులే" అన్నాడు.
దానికి ఆరు నిండి నాలుగు నెలలు.
ఎప్పుడూ అయితే ఊరుకునేవాణ్ణి.
"అరటికెట్టు కొట్టండి" అన్నాను.
వెర్రోణ్ణి చూసినట్టు చూసి
కాగితం చించిచ్చి
ముందుకెళ్ళిపోయాడు.