వెనక్కి తిరిగినవాళ్ళ గడి

బొగ్గు బళ్ళు ఆగిపోయాక
పట్టాలు పీకి పాత ఇనుముకి అమ్మేశారు.
మిగిలిన కంకర మీద మా వేల్స్ లోయ జనం నడిచారు,
నడవగా నడవగా అదే దారైంది.
పాంట్‌వెర్న్ నుంచి ఆసుపత్రి మలుపు దాకా
రెండు మైళ్ళూ ఓ పిసరు.

ఇప్పుడు దాన్ని దారంటే దారికే నవ్వొస్తుంది.
ముళ్ళపొదలు చేతులు చాచి
సైకిలు మీద వెళ్ళేవాళ్ళ చొక్కాలు పట్టుకుంటాయి.
వంతెన కింద ఎండాకాలంలోనూ నీళ్ళు,
ఎక్కడివో ఎవరికీ తెలీదు.
తొమ్మిది దీపస్తంభాలు. వెలిగేది ఒకటి.
అదీ పగలు.

కౌన్సిల్ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాం.
ఈ దారిలో అరగాల్సిన కాళ్ళు
ఆ మెట్ల మీద అరిగాయి.
సగం రైల్వేవాళ్ళదన్నారు, సగం బొగ్గు కంపెనీదన్నారు.
ఆ కంపెనీ నేను బడిలో ఉండగానే మూతపడింది.
చివరికొక కుర్రాడు, నిమ్మకు నీరెత్తినట్టు,
టై సర్దుకుంటూ అన్నాడు:
"అసలా దారిని ఎవరూ వాడట్లేదు కదండీ."

ఎలూనెడ్ ఏమీ అనలేదు.
ముప్పై ఏళ్ళు తపాలా పంచిన మనిషి.
మర్నాడు పొద్దున్నే ఐదింటికి
మడతకుర్చీ, ఫ్లాస్కు, గళ్ళు గీసిన కాగితాలు తెచ్చుకుని
వంతెన దగ్గర కూర్చుంది.
నేను గొడుగు పట్టాను. మా లోయలో
గొడుగు పట్టడం కూడా ఒక ఉద్యోగమే.

నడిచేవాళ్ళు. సైకిళ్ళు. కుక్కలు.
మూడు గడులు.
ఆరున్నరకి హోదన్, రాత్రి డ్యూటీ దిగి,
సైకిలు భుజాన మోసుకుంటూ నీళ్ళు దాటింది.
సైకిలా, నడకా? ఏ గడిలో?
ఎలూనెడ్ రెండిట్లోనూ అర గీత పెట్టింది.

ఎనిమిదింటికి బడిపిల్లలు.
ఒకడు రెండుసార్లు లెక్కలోకి రావాలని
వెనక్కి పరిగెత్తి మళ్ళీ వచ్చాడు.
పదింటికి గెథిన్,
గని తినగా మిగిలిన ఊపిరితిత్తులతో
నాలుగడుగులకోసారి ఆగుతూ,
"నన్ను ఒక్కడినని రాయకండి,
ఆగినన్ని సార్లూ రాయండి" అన్నాడు.

మూడున్నరకి, వాన కాస్త తెరిపిచ్చాక,
మాబ్లీ వచ్చింది.
పదకొండేళ్ళ పిల్ల, చక్రాల కుర్చీలో.
వాళ్ళ నాన్న నాలుగడుగులు వెనక.
నీళ్ళ అంచున ఆగింది.
నీళ్ళకేసి చూసింది, మాకేసి చూసింది,
"సరేలే, రేపు" అంది,
తప్పు తనదే అయినట్టు.
బురదలో చక్రాల గీతలు,
వచ్చినవీ పోయినవీ ఒకదాని మీద ఒకటి.

ఎలూనెడ్ పెన్ను గాల్లోనే ఆగింది.
కాగితం మీద ఆ పిల్లకి చోటు లేదు.
దాటినవాళ్ళకే గడులు గీసుకున్నాం మేం కూడా.
పెన్ను పక్కనపెట్టి, చెవి సందులోంచి పెన్సిలు తీసి,
స్కేలు లేక ఫ్లాస్కు మూత ఆనించి
నాలుగో గడి గీసింది, వంకరగా.
పైన రాసింది: వెనక్కి తిరిగినవాళ్ళు.

ఇక అక్కణ్ణుంచి ఆ గడే నిండుతూ పోయింది.
తోపుడుబండిలో పసిబిడ్డతో ఒకామె.
చీకటి పడ్డాక, దీపం లేని చోట నిలబడి,
ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించి
పెద్దరోడ్డెక్కిన ఇద్దరమ్మాయిలు.
"ఇంట్లోంచి బయల్దేరనే బయల్దేరనివాళ్ళో?" అన్నాను.
"వాళ్ళకి ఈ కాగితం చాలదు" అంది.

రాత్రి పదికి కట్టి చూస్తే
మూడు గడుల సిరా వానకి కారి నీలంగా అలుక్కుపోయింది.
పెన్సిలు గీతలు మాత్రం చెక్కుచెదరలేదు.
ముప్పై ఏడు.

"మా ఫారంలో ఈ గడి లేదండీ" అన్నాడు టై కుర్రాడు.
"తెలుసు" అంది ఎలూనెడ్.
చాలాసేపు ఆ కాగితం తిప్పి తిప్పి చూశాడు.

ముళ్ళపొదలు అలాగే ఉన్నాయి.
వంతెన కింద మాత్రం కాలవ తవ్వారు, ఏడు నెలలకి.
మాబ్లీ వచ్చింది. అదే చోట
అలవాటుకొద్దీ ఆగింది.
తర్వాత మాకేసి చూడకుండానే వెళ్ళిపోయింది.
ఆ రోజు మేం లెక్కపెట్టట్లేదు.
పైన ఆ ఒక్క దీపం, పట్టపగలు,
వెలుగుతూనే ఉంది.