శాంపిలు పేరు

బూడిద చెయ్యడం నా ఉద్యోగం.
విజయనగరంలో, మెట్ల కింద ఒక గది, మా ల్యాబు.
ఐదు గ్రాముల గింజలు చిన్న మూసలో పోసి
కొలిమిలో పెడతాను.
తెల్లారేసరికి పిండి పోతుంది, తీపి పోతుంది,
ఎండలో వంగిన నడుము పోతుంది.
చిటికెడు బూడిదలో
లోహాలు మాత్రం తొణక్కుండా కూర్చుంటాయి.

ఆవిడ మంగళవారం వచ్చింది
నీలాటివలస బస్సు దిగి.
కొంగున రెండు ముడులు:
ఒకదాన్లో చోళ్లు, ఒకదాన్లో దంపుడు బియ్యం.
"పేరు?"
"మజ్జి తవిటమ్మ, బావూ."
"ఎందుకు పరీక్ష?"
"మా మడి పక్కన పాత బేటరీలు కరిగించీవోరు.
షెడ్డు మూసీసినారు.
మడిని మూసీలేం గదా.
బలముందో ఇసముందో సూసి సెప్పు."

ఆ పేరెందుకని నేనడగలేదు.
మా వైపు అందరికీ తెలుసు:
ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే
ఈ బిడ్డని చేటెడు తవుడుకి అమ్మేసి
మళ్లీ తవుడే కొలిచి తెచ్చుకుంటారు,
చావు కంటికి ఆనని ధరకి.

తవుడు గురించి నాకు తెలిసింది వేరు.
ఇనుము అక్కడే. జింకు అక్కడే.
తెల్లటి మెతుకు కోసం మర పట్టించి
మనం కుడితిలో కలిపేసిందంతా అక్కడే.
ఆర్సెనిక్కూ అక్కడే.
ఒకే చాప మీద
చుట్టమూ దొంగా.

వేరుకి కళ్లుండవు.
జింకు కోసం తీసిన తలుపులోంచి
కాడ్మియం వస్తుంది, అదే మొహం పెట్టుకుని.
వరి ఎవర్నీ గుమ్మంలో నిలబెట్టి
ఊరూ పేరూ అడగదు.
దాని మర్యాద అది.

శనివారం కాగితం చేతికిచ్చాను.
చోళ్లలో సున్నం దండిగా ఉంది, భయం లేదు.
బియ్యంలో సీసం
సరిగ్గా హద్దు మీద.
"సున్నా, సుక్క... సుక్క తరవాత ఏటి?"
ఆవిడ వేలు ఆ చుక్క మీదే ఆగింది.
"సీమ తలకాయంత లేదు,
దీనికి ఇంత బయమా?"

పుస్తకంలో ఉన్నదే చెప్పాను:
బాగా కడుగు. ఎసరు ఎక్కువ పొయ్యి.
ఉడికాక గంజి వార్చెయ్యి,
కొంత బలమూ పోతుంది, కొంత విషమూ పోతుంది.
"ఎప్పుడూ వారుస్తాను బావూ."
"మరి గంజి?"
గోడ మీద క్యాలెండరు కేసి చూసింది, చాలాసేపు.
"ఉప్పుకల్లేసుకుని
నానే తాగుతాను.
అన్నం గుంటలకి సరిపోవాల గదా."

మిషను గంజిని కొలవలేదు.
మా ఫారంలో ఆ గడి లేదు.

"మిగిలిన గింజలిచ్చీ, ఇత్తనాలకి" అంది వెళ్తూ.
చోళ్లిచ్చాను. బియ్యం విత్తనం కాదని
ఇద్దరికీ తెలుసు, అవీ కట్టుకుంది.

సాయంత్రం రిజిస్టరు తిరగేస్తే
మంగళవారం తొందరలో
ఆవిడ పేరు
గింజ పేరు రాయాల్సిన చోట రాసి ఉంది.

కొట్టెయ్యడానికి పెన్ను తీశాను.
కొట్టెయ్యలేదు.