పద్దెనిమిదో కలుపు

నవంబరు నెలంతా వాన.
వాటర్‌వేల్ వాలుల్లో ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడి
అక్కడే ఉండిపోయింది.
ద్రాక్షాకుల మీద నూనె చుక్కల్లా తెగులు.
ట్రూడీ ఫోను చేస్తే
డెస్ నోస్కే హెలికాప్టరు తెచ్చాడు,
నేను లారీ, నీళ్ల ట్యాంకు, మైలుతుత్తం బస్తాలు.

నా పని కలపడం.
పైన రెక్కలు ఆగవు. నడుం వంచి వెళ్లి, గొట్టం తగిలించి
మూడువందల లీటర్ల నీలం ఎక్కించి
బొటనవేలు చూపించడం.
అతను గాల్లోకి, నేను మళ్లీ బస్తా దగ్గరికి.
ఆరేళ్లుగా పగటిపూట మా మాటలన్నీ
ఆ ఒక్క బొటనవేలే.

అలాగని మాట్లాడని మనిషి కాదు.
ఆవేళ తెల్లారకముందే తోట పటం బానెట్ మీద పరిచి
ఎర్ర పెన్సిలుతో గీత గీస్తూ అన్నాడు:
"తీగను వెతక్కు. తీగ కనపడదు.
స్తంభాలను వెతుకు."
ఒక స్తంభం యూకలిప్టస్ గుబురులో.
రెండోది గుట్ట అవతల.
నడుమ అరకిలోమీటరు
ఏమీ లేనట్టున్న ఆకాశం.

ఆ చోటికి వచ్చిన ప్రతిసారీ
రేడియోలో తనకు తనే చెప్పుకునేవాడు "తీగ" అని,
మెట్టు దిగే పసివాణ్ణి హెచ్చరించినట్టు.

పదింటికి గాలి తిరిగింది.
సాళ్లను అటునుంచి ఇటు కొట్టాల్సి వచ్చింది.
ఎండ ఎదురు.
ఇంకా ఏడు సాళ్లున్నాయి.
టీ తాగి వెళ్లమని ఫ్లాస్కు ఎత్తి చూపించాను.
తల అడ్డంగా ఊపాడు. బొటనవేలు.

పదిహేడో ట్రిప్పులో ఆ మాట నాకు వినపడలేదు.
అన్నాడేమో.
అప్పుడు నేను పంపు ఆన్ చేస్తున్నాను.
విచారణకొచ్చినాయనకి ఇది రెండుసార్లు చెప్పాను,
రెండుసార్లూ రాసుకున్నాడు.

శబ్దం ఎలా ఉందని అడిగాడు.
శబ్దం కాదు.
పొద్దుటినుంచీ ఉన్న శబ్దం లేకపోవడం.
తర్వాత ట్రూడీ కుక్క.
తర్వాత బురదలో ఊడిపోయిన నా ఎడమ బూటు.

ద్రాక్ష అతన్ని నేలకు తగలనివ్వలేదు.
నాలుగు సాళ్లు కూలి, అయిదో సాలు
తనకు చేతనైనట్టు పట్టుకుని ఉంది.
డెస్ భాషలో వీటికి రెండు పేర్లు.
నాకు అదీ తీగే, ఇదీ తీగే.
ఇలాంటివన్నీ తర్వాత తట్టాయి.
అప్పుడు బెల్టు కోయడానికి కత్తి దొరకలేదు, అంతే.
దొరికినా, అని డాక్టరు ఏదో అనబోయి ఆపేసింది.

సాయంత్రానికల్లా కరెంటు వాళ్లొచ్చి అతికారు.
ఊళ్లో ఫ్రిజ్‌లు మళ్లీ గొణగడం మొదలెట్టాయి.
నారింజరంగు బంతులు రెండు వేలాడదీశారు.
ఇప్పుడది పిట్టకి కూడా కనపడుతుంది.

లారీ మీద పద్దెనిమిదో కలుపు
ఇంకా సుడి తిరుగుతూనే ఉంది.
కలిపిన రోజే వాడాలని బస్తా మీద రాసుంది.
నేను వెళ్లి చూశాను. ఆపలేదు.
అర్ధరాత్రి దాటాక డీజిల్ అయిపోయి అదే ఆగింది.
తెల్లారేసరికి నీలమంతా అడుక్కి దిగి
పైన తేట నీళ్లు,
అందులో మేఘం.

ఆ ఏడు సాళ్లూ తెగులుకే పోయాయి.
ట్రూడీ ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు ఏ దారిలోనైనా ఒక స్తంభం కనపడితే
రెండోది దొరికేదాకా లారీ కదపను.
వెనక వాళ్లు హారన్ కొడతారు.
కొట్టనీ.