గోడ దగ్గర నూట ముప్పై

కావలి ట్రంకు రోడ్డు, మే నెల, పొద్దున పదకొండు.
ఎండ లోపలికి రాకుండా షట్టరు సగం దించి
సుభాని తన చిన్న మీటరు గోడ ప్లగ్గులో గుచ్చాడు.
అరచేతిలో పట్టేంత యంత్రం, ఎర్రటి అంకెలు.
"కదలబాక అక్కా, అంకెని నిలబడనీ."

నిలబడింది. నూట ముప్పై.
పెట్టె విప్పి, తీగల గుత్తికి క్లాంపు తగిలించి చూస్తే
లోపలికి చేరుతున్నది ఎనభై ఎనిమిది.

మిగతా నలభై రెండు వాట్లు ఎటు పోయాయని
నేను అడగలేదు.
తొమ్మిదేళ్లుగా నా కుడికాలి మడమకు తెలుసు.
పెండ్లికార్డులు, పాసు పుస్తకం నకళ్లు, మార్కుల జాబితాలు
ఏది కొట్టినా
బల్ల కింద ఆ రేకు డబ్బా
నా మడమ మీద ఒక వడగాలి ఊదేది.
చలికాలం వీధి పిల్లి వచ్చి దాని వెనకే ముడుచుకునేది.
పిల్లి లెక్కలో అది
నూటికి నూరు పాళ్లూ పనిచేసే యంత్రం.

డబ్బా మీద నాలుగొందల యాభై అని అచ్చేసి ఉంది.
సుభాని ఊడదీసి చేత్తో తూచాడు,
ఎండు సొరబుర్రలా తేలిపోయింది.
"లోపల రాగి లేదక్కా, పైన రాత ఉంది అంతే."

కొత్తది నెల్లూరులో కొన్నాం.
రెండు కిలోల బొచ్చె చేపంత బరువు, కంచు రంగు చీటీ.
అంగడాయన ఏడొందల యాభైది అంటగట్టబోయాడు,
ముందు ముందు పనికొస్తుందని.
"ఇద్దరి కూటికి పెండ్లి గుండిగ ఎక్కిస్తామా అన్నా,
సగమన్నా నిండితేనే గదా దాని పనితనం" అని
సుభాని చిన్నదే చాలన్నాడు.

రెండు డబ్బాలకీ ఒకటే పని పెట్టాలి, అదీ న్యాయం.
ఆ పూట చేతిలో ఉన్న పని
మాలకొండయ్య అర్జీ.
స్టూలు మీద కూర్చుని ఆయన చెబుతుంటే నేను కొడుతున్నా.
'అయ్యా, కాలవ తల దగ్గర నీళ్లు వదిలి పదహారు రోజులు.
మా చివరి మళ్లల్లో తూము తడవలేదు...'

మధ్యలో ఎర్రంకెల వైపు చూసి
"ఏందమ్మా అది?" అన్నాడు.
చెప్పాను. గోడ ఇస్తున్నది నూట ముప్పై,
పెట్టెకు అందుతున్నది ఎనభై ఎనిమిది.
తువ్వాలుతో మెడ తుడుచుకుని
కాసేపు ఊరకున్నాడు.
"మధ్యలో మోటార్లు ఎవురు పెట్టారంట?"

సుభాని నవ్వి స్క్రూ పోగొట్టుకున్నాడు.
నాకు నవ్వు రాలేదు.
అర్జీలో ఆ వాక్యం లేదు.
"రాయమంటావా?" అన్నాను.
"వొద్దులేమ్మా. రేపు వాళ్ల మొకాలే చూడాల."

కొత్త డబ్బా బిగించి, అదే అర్జీ మళ్లీ మొదటినుంచి కొట్టాను.
అదే తల దగ్గర అవే నీళ్లు వదిలాను.
నూట నాలుగు.
అంకె నిలబడింది, ఫ్యాను చప్పుడు లేదు.

తప్పుపడ్డ పెండ్లికార్డు వెనక లెక్క వేశాను.
తేడా ఇరవై ఆరు వాట్లు. రోజుకి పది గంటలు.
నెలకి ఏడు యూనిట్లు కూడా నిండవు.
ఇంటాయన సబ్ మీటరు యూనిట్టుకి పది రూపాయలు.
పాతది తుక్కుకేస్తే వచ్చే నూట యాభై పోను
నా డబ్బు తిరిగొచ్చేది
రెండేళ్ల ఎనిమిది నెలలకి.

"అంటే దండగేనా?" అన్నాడు మాలకొండయ్య,
అర్జీ మడతపెట్టి జేబులో కుక్కుకుంటూ.
డబ్బులకైతే ఏమో, చెప్పలేను.
మడమ చల్లగా ఉంది.

రాత్రి కంప్యూటరు ఆపేశాక కూడా
సుభాని మర్చిపోయిన మీటరు మీద మూడు అని వెలుగుతోంది.
ఎవరూ ఏమీ అడగకపోయినా
ఎవరైనా మీట నొక్కుతారేమోనని
మూడు వాట్ల మెలకువ.
వంగి ప్లగ్గు పీకేశాను.

డిసెంబరులో పిల్లికి ఏం చెప్పాలో
ఇంకా ఆలోచించలేదు.