లోపలి గుడ్డ

ఒంటిగంటకు సోహార్‌ల షట్టర్లన్నీ సగానికి దిగుతయి.
బజారును ఎండ ఇస్త్రీ చేస్తుంటది.
ఉస్తాద్ మొయ్దీన్ కటింగు బల్ల కింద చాపేసుకొని
ఏసీ దిక్కు కాళ్లు చాపి పంటడు.
రంగు డబ్బాల నీటి చుక్కలు పడుతుంటయి.
నాకు నిద్ర రాదు,
కొలతల పుస్తకం తిరగేస్త.

పేర్లు ఉస్తాద్ మలయాళంల రాస్తడు,
అంకెలు అరబ్బీల.
పక్కన నేను తెలుగుల, చిన్నగ:
‘ఎడమ భుజం జారుడు.’
‘మెడ బిగుతైతే కోపమొస్తది.’
‘ఈ ముసలాయన పోయిన రంజాన్‌కన్నా ఇంచు తగ్గిండు.’
మూడేండ్లల్ల సగం ఊరి ఒంటి సంగతి నాకెరుకైంది.
నా కొలత ఏ పేజీల లేదు.

వచ్చినప్పుడు ఇరవై ఒకటి.
సిరిసిల్ల మరమగ్గాల చప్పుట్ల పుట్టినోణ్ణి,
గుడ్డ గురించి నాకెవడు చెప్పాలె అనుకున్న.
కత్తెర ఎంత చప్పుడు చేస్తే అంత పనోడినని,
తప్పు జరిగితే ముందుగాల గొంతు లేపినోడిదే గెలుపని.

పోయిన బక్రీదు ముందు,
రాత్రి రెండింటికి,
తెల్లటి జపాన్ తాను, నాలుగు దిష్‌దాషాలది,
యాభై ఏడుకు బదులు యాభై నాలుగు కోసిన.
ఎవరు చేసిండ్రని ఉస్తాద్ అడిగితే
గుండీలు కుట్టే రిపన్ దిక్కు చూసిన.
నోరు తెరువలే.
చూసుడే సరిపోయింది.

రిపన్ కొమిల్లా పిలగాడు, పంతొమ్మిదేండ్లు.
వాని దగ్గరున్న మాటలల్ల ఎక్కువ భాగం ‘జీ ఉస్తాద్’.
ముప్పై రియాళ్లు జీతంల పోయినయి.
ఆ రాత్రి రూముల నాకు చాయ పోసిచ్చింది వాడే,
చక్కెర జరంత ఎక్కువేసి,
నాకట్లనే ఇష్టమని.

తాగిన.
ఆ సంగతి ఎవరికీ చెప్పలే.

నిన్న పొద్దుమూకంగ ఒకామె వచ్చింది,
చేతుల కొడుకు దిష్‌దాషా, పక్కన కొడుకు.
ఏడాదిల చీలమండలు బయటపడ్డయి.
అంచు విప్పిన.
పిల్లల బట్టకు ఉస్తాద్ ఎన్నడూ
లోపల నాలుగు వేళ్ల గుడ్డ మడిచి వదులుతడు.
ఎందుకు దండుగ అని ఒకనాడు నవ్విన నేనే.
మడతల గుడ్డ పాల లెక్క తెల్లగుంది,
పైదేమో ఎండకు, ఉతుకులకు పసుపు తిరిగింది.
రెండిటి నడుమ
పాత కుట్టు సూది రంధ్రాలు, వరసగ.

‘ఈ గీత పోదా?’ అని పిలగాడు అడిగిండు.
‘మాఫీ. పోదు’ అన్న.
ఆమె మొహం చిన్నగైంది.
వాడు మాత్రం వంగి, గీత మీద వేలు పెట్టి,
‘పోయినేడు నేను ఇక్కడి దాకనే ఉంటి’ అని
తల్లికి చూపెట్టిండు,
ఏదో గెలిచినట్టు.

రాత్రంత ఆ వేలే కండ్ల ముంగట.

ఇయ్యాల నాలుగింటికి
షట్టర్ లేపకముందే ఉస్తాద్‌కు చెప్పిన.
అనుకున్న మాటలొకటి, వచ్చినవొకటి.
హిందీ సగంల తెగింది, మలయాళం నాకు రాదు.
‘బక్రీదు తాను. నేనే. రిపన్ కాదు.’
ఆయన తిట్టలే. మెచ్చుకోలే.
కండ్లద్దాలు తుడుచుకొని పుస్తకం తెరిచిండు,
ఖాళీ పేజీ మీద ఏందో రాసిండు,
పక్కన ముప్పై అంకె.
ఆ అక్షరాలు నాకు చదవరావు,
నాంపల్లి అనే ఉండాలె.
నా పేరున ఆ పుస్తకంల అదే మొదటి కొలత.

రిపన్ వినుకుంటనే ఉన్నడు.
సూదిల దారం ఎక్కిచ్చుడు ఆపలే.
పొద్దుమూకినా నాతోని మాట్లాడలే,
రాత్రి చాయ పెట్టలే.

నేనే స్టవ్ ముట్టిచ్చిన.
పాలు పొంగి కొన్ని కింద పోయినయి.
రెండు గిలాసలల్ల పోసి, చెంచా పట్టుకొని నిలబడ్డ.
వాడు చక్కెర ఎంతేసుకుంటడో
ఏడాదిగ ఒక్క రూముల ఉండి
నాకు తెల్వదు.

అడిగిన.